నూటికి 7 పాళ్లు: ఒక లెక్క పుట్టుకను గ్రంథాలయములో వెదకుట

ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలోను, విద్యార్థులకు వక్తృత్వము నేర్పు శిబిరములలోను ఒక లెక్క తరచుగా వినబడుచుండును. ఒక మనిషి మరియొకనికి తెలియజేయు దానిలో మాటల వలన తెలియునది నూటికి 7 పాళ్లు మాత్రమేనట. కంఠస్వరము వలన 38 పాళ్లు. తక్కిన 55 పాళ్లును శరీరపు కదలికల వలననే తెలియునట. మూడును కలిపినచో సరిగా నూరగును. నల్లబల్లపై ఒక వృత్తము గీచి, దానిని మూడు ముక్కలు చేసి చూపగానే వినువారందరు తమ పుస్తకములలో ఎక్కించుకొందురు. ఆ ముక్కలలో అన్నిటికంటె చిన్నది మాటలది. రాత్రియంతయు కూర్చుండి పాఠము సిద్ధము చేసికొని వచ్చు ఉపాధ్యాయునికి ఇది కొంత నిరుత్సాహము కలిగించు వార్తయే.

ఈ లెక్క నిజమైనచో ఫలితములు ఎట్లుండునో చూడుడు. రేడియోలో వార్తలు వినువానికి చదువువారి ముఖము కనబడదు. కనుక అతనికి వార్తలలో నూటికి 45 పాళ్లే తెలియవలెను. ఆ వార్తనే పత్రికలో చదువుకొనువానికి 7 పాళ్లకు మించి దక్కరాదు. తెలుగు ఒక్క ముక్కయు రాని జపాను దేశస్థుడు మన తరగతి గదిలో కూర్చుండి, ఉపాధ్యాయుని ముఖము చూచుచు, స్వరము వినుచు, కిరణజన్య సంయోగక్రియను గూర్చి 93 పాళ్లు గ్రహించి లేచిపోవలెను! మన నాట్యశాస్త్రకారులు ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అభినయమును నాలుగు విధములుగా విభజించిరి గాని, ఒక్కొక్కదానికి ఇన్ని పాళ్లని పంపకము చేయలేదు.

సందేహము పుట్టుట మంచిదే. కాని సందేహము వేరు, ఖండనము వేరు. ఈ సంఖ్యలను మొదట చెప్పినవారెవరు? ఏ సంవత్సరమున? ఎవరిని పరీక్షించి? వారు కొలిచినదేమి? ఈ ప్రశ్నలకు సమాధానము ఊహ వలన రాదు. గ్రంథాలయమునకు పోయి వెదకవలసినదే.

ఒకే విషయము, అనేక బీరువాలు

మనుషులు ఒకరికొకరు భావములను, వార్తలను ఎట్లు అందజేసికొందురో పరిశీలించు శాస్త్రమును నేడు విశ్వవిద్యాలయములలో కమ్యూనికేషన్ అను పేర బోధించుచున్నారు. తెలుగులో భావప్రసార శాస్త్రము అనవచ్చును. భౌతికశాస్త్రమువలె దీనికి ఒకే ఇల్లు లేదు. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు, సమాజ శాస్త్రజ్ఞులు, పత్రికా రచయితలు, విద్యుత్ ఇంజనీర్లు తలయొక వైపునుండి వచ్చి దీనిని నిర్మించిరి. అందువలన గ్రంథాలయములో దీని పుస్తకములు ఒక బీరువాలో ఉండవు.

మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణమునే మన గ్రంథాలయములు పెక్కు నేటికిని, కాలానుగుణమైన మార్పులతో, వాడుచున్నవి. దాని ప్రకారము భావప్రసారమును గూర్చిన సాధారణ గ్రంథములకు సంఖ్య 302.2. పత్రికారచన 070లో ఉండును. రేడియో, టెలివిజను సేవలు 384లోను, ఆ ప్రసారములను చేయు యంత్రసామగ్రి 621.38లోను చేరును. ఉపన్యాసకళ సాహిత్యమునకు పొరుగున 808.5లో కూర్చుండును. మాటలు లేకుండ ముఖకవళికలచే భావము తెలుపుట మరియు విచిత్రము: మనస్తత్త్వ దృష్టితో వ్రాసిన పుస్తకమైనచో 153.69, సామాజిక దృష్టితో వ్రాసినదైనచో 302.222. ఈ రెండు సంఖ్యలకు నడుమ ఒక పెద్ద హాలంత దూరముండవచ్చును. ఒక బీరువా చూచి "మన గ్రంథాలయములో ఏమియు లేదు" అని తిరిగిపోవు విద్యార్థి రెండవ బీరువాను ఎన్నడును చూడడు.

మన దేశపు ఉదాహరణ ఒకటి చూచినచో ఈ చిక్కు మరింత స్పష్టమగును. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సహాయమున భారతదేశములో ఆరు రాష్ట్రములకు చెందిన సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందజేయబడెను. అప్పటి ఆంధ్రప్రదేశ్ వానిలో ఒకటి. ఆ గ్రామములకు తెలుగులోనే కార్యక్రమములు వచ్చెను. సైట్ అను పొట్టి పేరుతో ఇది ప్రసిద్ధమైనది. దీనిని గూర్చి చదువదలచినవాడు ఏ బీరువాకు పోవలెను? ఉపగ్రహమును గూర్చినది ఇంజనీరింగు విభాగము. టెలివిజను 384. తరగతి గదిలో టెలివిజను బోధనోపకరణములతో పాటు 371.33. పల్లెల వ్యవసాయమునకు కలిగిన లాభమును గూర్చినది వ్యవసాయ విభాగము. నాలుగును సరియైన స్థానములే.

మదరాసు విశ్వవిద్యాలయములో గ్రంథపాలకుడుగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ ఈ ఇబ్బందిని బాగుగా ఎరిగినవాడు. ఒక విషయమునకు అనేక ముఖములుండునని గుర్తించి, ఆ ముఖములన్నిటిని సంఖ్యలో కూర్చునట్లు 1933లో ద్విబిందు వర్గీకరణమును వెలువరించెను. అంతకు రెండేండ్ల ముందు ప్రకటించిన ఆయన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును ఆదా చేయవలెనని చెప్పును. అయితే ఎంత చక్కని వర్గీకరణమైనను, పుస్తకము ఒక్క ప్రతియే ఉన్నప్పుడు దానిని ఒక్క చోటనే నిలుపవలెను గదా! ఆ లోటును తీర్చునది గ్రంథసూచి. పూర్వము సొరుగులలో అట్ట ముక్కలుగా నుండినది నేడు చాల చోట్ల కంప్యూటరులోనికి చేరినది. అందులో ఒకే పుస్తకమును రచయిత పేరున, గ్రంథము పేరున, విషయము పేరున వెదకవచ్చును.

కాని కంప్యూటరు అడిగిన మాటకే జవాబు చెప్పును. "బాడీ లాంగ్వేజి" అని అడిగినవానికి ఆ మాట ఉన్న పుస్తకములే వచ్చును; "ముఖకవళికలు", "అశాబ్దిక భావప్రసారము" అను పేర్లు గలవి రాకపోవచ్చును. కావున వెదకుటకు ముందే విషయమునకు గల పర్యాయపదములను ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు. ఆ మాటలు దొరకు చోటు విజ్ఞానకోశము. ఈ శాస్త్రమునకు 1989లో నాలుగు సంపుటములుగాను, 2008లో పండ్రెండు సంపుటములుగాను రెండు అంతర్జాతీయ విజ్ఞానకోశములు ఇంగ్లీషున వెలువడినవి. అవి లేని చోట ఏ మంచి మనస్తత్త్వ శాస్త్ర పాఠ్యగ్రంథమైనను మొదటి మెట్టుగా పనికివచ్చును. ఒక తగిన పుస్తకము చేజిక్కినచో, దాని వర్గసంఖ్యను చూచి ఇరుప్రక్కల ఉన్న పది పుస్తకములను తిరుగవేయుట పాత పద్ధతియే గాని, ఏ యంత్రమును ఇంతవరకు దానిని పూర్తిగా మించలేదు.

1967 నాటి రెండు వ్యాసములు

ఇక మన 7 పాళ్ల సంగతి. వక్తృత్వమును గూర్చిన చౌక పుస్తకములు పెక్కింటిలో ఈ లెక్క ఆధారము లేకుండనే కనబడును. "శాస్త్రజ్ఞులు నిరూపించిరి" అని ఉండును. ఏ శాస్త్రజ్ఞులో ఉండదు. కొంచెము జాగ్రత్తగా వ్రాసిన పుస్తకములో ఆల్బర్ట్ మెహ్రేబియన్ అను పేరు తగులును. ఈయన లాస్ ఏంజిలిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మనస్తత్త్వ శాస్త్రాచార్యుడుగా పనిచేసినవాడు. గ్రంథసూచిలో ఆ పేరున వెదకినచో 1971లో ప్రచురింపబడిన "సైలెంట్ మెసేజెస్" అను గ్రంథము దొరకును. ఆ గ్రంథమును పట్టుకొని చూడగా, మూలము అదియు కాదనియు, 1967లో పరిశోధనా పత్రికలలో వచ్చిన రెండు వ్యాసములనియు తెలియును.

ఒక వ్యాసము మెహ్రేబియన్, వీనర్ అనువారిది. అది "జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ" 6వ సంపుటములో 109 నుండి 114 వరకు గల పుటలలో నున్నది. రెండవది మెహ్రేబియన్, ఫెర్రిస్ అనువారిది. "జర్నల్ ఆఫ్ కన్సల్టింగ్ సైకాలజీ" 31వ సంపుటము, 248 నుండి 252 వరకు పుటలు. ఈ రెండవ పత్రికను వెదకువానికి ఒక చిన్న ఉచ్చు కాచుకొని యుండును. 1968 నుండి ఆ పత్రిక పేరు మారి "జర్నల్ ఆఫ్ కన్సల్టింగ్ అండ్ క్లినికల్ సైకాలజీ" అయినది. క్రొత్త పేరున మాత్రమే వెదకినచో 1967 సంపుటము లేదని తోచును. పాత పేరున వెదకిన అదే అరలో దొరకును. ఇట్టివి గ్రంథపాలకునికి వేళ్లమీద ఉండును. ఆయనను అడుగుటకు సిగ్గుపడి గంటలు పోగొట్టుకొను విద్యార్థులు ఎందరో గలరు.

వ్యాసములు చేతికి వచ్చినవి. రెండింటికిని కలిపి పదునొకండు పుటలే. వానిలో ఏమున్నది?

మొదటి ప్రయోగములో తొమ్మిది ఇంగ్లీషు మాటలను ఎన్నుకొనిరి. "హనీ", "డియర్", "థాంక్స్" వంటివి ప్రీతిని తెలుపు మూడు. "మేబీ", "రియల్లీ", "ఓ" అను ఏ వైపునకు మొగ్గని మూడు. "టెరిబుల్", "బ్రూట్", "డోంట్" అను అప్రీతిని తెలుపు మూడు. ఒక్కొక్క మాటను ప్రీతి స్వరముతో, ఉదాసీన స్వరముతో, విరోధ స్వరముతో పలికించి రికార్డు చేసిరి. వినువారిలో కొందరిని మాట అర్థమును మాత్రమే, కొందరిని స్వరమును మాత్రమే, కొందరిని రెంటిని గమనించి, పలికినవారి మనోభావమును అంచనా వేయుమనిరి. మాట ఒక దారిని, స్వరము మరియొక దారిని పోయినప్పుడు వినువారు ఎక్కువగా స్వరమునే నమ్మినట్లు తేలెను. "చాల సంతోషము" అని పండ్లు కొరుకుచు అన్నచో మనమును స్వరమునే నమ్ముదుము గదా.

రెండవ ప్రయోగములో మాట ఒక్కటియే: "మేబీ", అనగా "కావచ్చును". దానిని మూడు స్వరములలో వినిపించుచు, ప్రీతి, ఉదాసీనత, అప్రీతి తెలుపు ముఖముల ఫొటోలను చూపిరి. ఇక్కడ ముఖము, స్వరము ఈ రెంటి బలములు సుమారు మూడింటికి రెండు అను నిష్పత్తిలో ఉండెను. ఈ రెండు ప్రయోగముల ఫలితములను జోడించి, రచయితలు వ్యాసము చివర ఒక సూచనగా 7, 38, 55 అను సంఖ్యలను ఇచ్చిరి. 38ని 55తో పోల్చి చూచినచో ఆ రెండింటికి మూడు నిష్పత్తి పాఠకునికే కనబడును.

మాట, స్వరము, ముఖము మూడింటిని ఒకే ప్రయోగములో కలిపి పరీక్షించుట ఈ వ్యాసములలో ఎక్కడను జరుగలేదు. కొలిచినది పలికినవారి ఇష్టానిష్టములను గూర్చి వినువారు చేసిన అంచనా మాత్రమే. పాఠము బోధపడుటను గాని, వార్త అందుటను గాని ఎవరును కొలువలేదు. పలికినది ఒక్కొక్క మాట. వాక్యము కూడ కాదు. 55 పాళ్లు ఫొటోలోని ముఖమునకు చెందినవి. చేతులు, నడక, నిలుచు తీరు ఆ ప్రయోగములో లేనే లేవు. "ముఖము" అను మాట పుస్తకమునుండి పుస్తకమునకు ప్రయాణము చేయుచు ఎక్కడనో "శరీరము"గా మారినది. "ఇష్టానిష్టములు" అను మాట దారిలో జారిపోయి "భావప్రసారమంతయు" అయినది. తన సమీకరణము ఇష్టానిష్టములను, మనోభావములను గూర్చి మాటలాడు సందర్భములకే వర్తించునని మెహ్రేబియన్ స్వయముగా పలుమార్లు చెప్పియున్నాడు. వృత్తము గీచి చూపువారికి ఆ మాట చేరినట్లు లేదు.

వెనుకకు, ముందునకు

ఇంతవరకు జరిగినది వెనుకకు నడచుట. క్రొత్త పుస్తకము అడుగున ఉన్న సూచిక పాత పుస్తకమునకు, అది ఇంకను పాత వ్యాసమునకు దారి చూపెను. ముందునకు నడచుట ఎట్లు? 1967 వ్యాసములను తరువాతి ముప్పది, నలువది ఏండ్లలో ఎవరు పరీక్షించిరి, ఎవరు తప్పుపట్టిరి? ఆ సంగతి 1967 వ్యాసములో ఉండజాలదు.

న్యాయవాదులు ఈ ప్రశ్నకు చాల ముందుగానే జవాబు కనుగొనిరి. పాత తీర్పును తరువాతి తీర్పులలో దేనిలో ఉదహరించిరో తెలియకపోయినచో కేసు పోవును. అందుచే అమెరికాలో 1873లోనే ఫ్రాంక్ షెపర్డ్ అట్టి పట్టికలను అచ్చువేయించెను. ఆ పద్ధతిని చూచి యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో "సైన్స్" పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, విజ్ఞాన శాస్త్రమునకును అట్టి పట్టిక కావలెనని వాదించెను. 1964లో ఆయన సంస్థ విజ్ఞాన శాస్త్రములకు, 1973లో సామాజిక శాస్త్రములకు ఉదాహరణ సూచికలను ప్రకటించెను. ఒక పాత వ్యాసము పేరు చూచినచో, దానిని తరువాత ఉదహరించిన వ్యాసములన్నియు దాని క్రింద వరుసగా నుండును. నేడు ఇంటర్నెట్టులోని విద్యావిషయక శోధన సాధనములు ఈ పనిని క్షణములో చేసిపెట్టుచున్నవి.

అయితే ఉదహరించిన వారందరు చదివిరని అనుకొనరాదు. దీనిని పట్టుకొన్న తీరు చిత్రమైనది. 2003లో సిమ్‌కిన్, రాయ్ చౌధురి అను ఇద్దరు పరిశోధకులు, భౌతికశాస్త్రములో ప్రసిద్ధమైన 1973 నాటి ఒక వ్యాసమును ఉదహరించిన 4,301 సూచనలను పరిశీలించిరి. వానిలో 196 సూచనలలో సంపుటమో, పుటయో, సంవత్సరమో తప్పుగా నుండెను. కాని వేరువేరు తప్పులు 45 మాత్రమే. పుటసంఖ్యలోని ఒకే తప్పు 78 చోట్ల యథాతథముగా ప్రత్యక్షమయ్యెను. డెబ్బది ఎనిమిదిమంది విడివిడిగా అదే తప్పు చేయుట నమ్మదగినది కాదు. ఒకరిని చూచి ఒకరు ఎక్కించుకొనిరి. దీనిని బట్టి, ఉదహరించువారిలో మూలమును చదువువారు ఇంచుమించు అయిదింట ఒకరని వారు లెక్కగట్టిరి. తాళపత్ర ప్రతులను పరిష్కరించు మన పండితులకు ఈ తర్కము క్రొత్తది కాదు. రెండు ప్రతులలో ఒకే లేఖక దోషమున్నచో రెండును ఒకే మాతృక నుండి పుట్టినవని వారు ఏనాడో నిర్ణయించుచుండిరి.

ఆధారమును వ్రాయుట

ఆధారమును చూపుటకు నేడు అనేక పద్ధతులున్నవి. మన శాస్త్రములో ఎక్కువగా నడచునది వాక్యములోనే కుండలీకరణములలో రచయిత పేరు, సంవత్సరము వేసి, పూర్తి వివరమును వ్యాసాంతమున ఇచ్చుట. హార్వర్డు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డ్ మార్క్ 1881లో ఒక రకపు నత్తను గూర్చి వ్రాసిన వ్యాసములో ఈ పద్ధతిని మొదట వాడెనని చెప్పుదురు. ఏ పద్ధతిలో కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని తగవులాడుట కంటె, చదువరి అదే పుటకు తిరిగి పోగల వివరములన్నియు ఉన్నవా అని చూచుట ముఖ్యము. పుస్తకమునకు రచయిత, సంవత్సరము, పేరు, ఎన్నవ కూర్పు, ప్రకాశకులు. వ్యాసమునకు పత్రిక పేరు, సంపుటము, పుటలు. ఒకరి మాటలను ఉన్నవి ఉన్నట్లు ఎత్తి వ్రాసినచో ఖచ్చితమైన పుటసంఖ్య కూడ తప్పదు.

ఒక్క అక్షరము కూడ ఎంత తేడా తెచ్చునో క్లాడ్ షానన్ గ్రంథము వలన తెలియును. సమాచార సిద్ధాంతమునకు పునాది వేసిన ఆయన వ్యాసము 1948 జులై, అక్టోబరు నెలలలో బెల్ టెలిఫోను సంస్థవారి సాంకేతిక పత్రికలో రెండు భాగములుగా వచ్చెను. దాని పేరులో మొదటి మాట "ఎ"; అనగా "ఒక" గణిత సిద్ధాంతము. 1949లో వారెన్ వీవర్ రచనతో కలిపి పుస్తకముగా వచ్చునప్పటికి ఆ మాట "ది" అయినది; ఒకానొక సిద్ధాంతము కాస్త "ఆ సిద్ధాంతమే" అయి కూర్చున్నది! సంవత్సరము తప్పు వేసినవాడు షానన్ మాటను వీవర్ నోట, వీవర్ మాటను షానన్ నోట పెట్టు ప్రమాదమున్నది.

తెలుగు పాతపత్రికలను ఆధారముగా తీసికొను విద్యార్థికి మరియొక జాగ్రత్త అవసరము. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములలో ఇట్టి పత్రికల సంపుటములు భద్రముగా నున్నవి. వానిలో పెక్కింటిపై తెలుగు సంవత్సరము, మాసము పేర్లే ప్రముఖముగా నుండును. "ఆనంద సంవత్సరము, చైత్రము" అని మాత్రమే వ్రాసికొని వచ్చినచో చిక్కు తప్పదు. ఆనంద 1914లో వచ్చినది, 1974లో మరల వచ్చినది, 2034లో ఇంకొకసారి రానున్నది. కావున ఇంగ్లీషు తేదీని, సంపుటమును, సంచికను అక్కడికక్కడే చూచి వ్రాసికొనవలెను. ఇంటికి వచ్చిన తరువాత గుర్తు తెచ్చుకొనవచ్చునని అనుకొన్నవారెవరును బాగుపడలేదు.

ఇటీవల క్రొత్త ఇబ్బంది ఒకటి వచ్చినది. ప్రశ్న అడుగగానే వ్యాసము వ్రాసియిచ్చు కృత్రిమ మేధ యంత్రములు, ఆధారములను కూడ పేరు, సంవత్సరము, పుటలతో సహా ముచ్చటగా అమర్చి ఇచ్చును. వానిలో కొన్ని లోకములో లేనివి. 2023లో న్యూయార్కులోని ఒక ఫెడరలు న్యాయస్థానము, ఇట్లు యంత్రము కల్పించిన తీర్పులను నిజమైనవిగా దాఖలు చేసిన న్యాయవాదులకు 5,000 డాలర్లు జరిమానా విధించెను. తప్పు పుటసంఖ్యనైనను సరిదిద్దవచ్చును గాని, పుట్టని వ్యాసమును ఏ అరలో వెదకవలెను? గ్రంథసూచిలోనో, పత్రికా సంపుటములోనో ఆ పేరు కంటబడినప్పుడే అది ఆధారమగును.

ఇంతకును మన జిల్లాలలోని విద్యార్థికి 1967 నాటి అమెరికా పత్రిక దొరకకపోవచ్చును. అట్టివాడు ఏమి చేయవలెను? గ్రంథపాలకుని ద్వారా మరియొక గ్రంథాలయము నుండి ప్రతి తెప్పించుకొనుట ఒక మార్గము. అదియు కుదరనిచో, తాను చదివిన పుస్తకము పేరునే చెప్పి, "మెహ్రేబియన్, ఫెర్రిస్ 1967లో ఇట్లు వ్రాసిరని ఫలానా గ్రంథము ఫలానా పుటలో చెప్పుచున్నది" అని వ్రాయవలెను. చూడని వ్యాసమును చూచినట్లు వేయరాదు. మూలమును చూడగలిగిన విద్యార్థి తన నోటు పుస్తకములోని మొదటి వాక్యమును కొట్టివేసి, ఇట్లు వ్రాసికొనును: "ఒక్కొక్క మాటను వినిపించి, ముఖముల ఫొటోలు చూపి 1967లో చేసిన రెండు ప్రయోగములలో, మాటకు స్వరమునకు, స్వరమునకు ముఖమునకు పొందిక లేనప్పుడు, పలికినవారి ఇష్టానిష్టములను వినువారు మాట కంటె స్వరమును, స్వరము కంటె ముఖమును బట్టి ఎక్కువగా ఊహించిరి." ఈ వాక్యమును వృత్తముగా గీయుట కష్టము.